పేరు గొప్ప, సినిమా దిబ్బ

పోయిన సంచికలో పాత ఇంగ్లిష్ టీవీ షోల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఇక చూడండి, ఉత్తరాలే ఉత్తరాలు! తీరా విప్పి చూస్తే సగానికి పైగా ఒకటే గొడవ: ప్రాణంగా చూసుకున్న షోని పెద్ద తెర మీదకి ఎక్కించి పాడుచేశారని. ఆ మంట నాకూ ఉంది కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దానికే.

ప్రశ్న: సూపర్ హీరోల సినిమా కోసం వెతుకుతుంటే అదే పేరుతో ఉన్న పాత బ్రిటిష్ సిరీస్ 'ది అవెంజర్స్' తగిలింది. అందులోని గూఢచారులు స్టీడ్, ఎమ్మా పీల్ జంటకి వీరాభిమానినైపోయాను. అదే ఊపులో 1998లో వచ్చిన సినిమా పెట్టాను. నలభై నిమిషాలకి మించి నావల్ల కాలేదు. అంత మంచి నటులుండి ఎందుకలా అయింది?

జవాబు: అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. రాల్ఫ్ ఫైన్స్, ఉమా థుర్మన్, విలన్‌గా షాన్ కానరీ. ఆ విలన్ ఎండావానల్ని గుప్పిట్లో పెట్టుకుని దేశాన్ని బెదిరిస్తుంటాడు. ఒక సీన్‌లో వాడి మనుషులంతా రంగురంగుల టెడ్డీ బేర్ వేషాలు వేసుకుని మీటింగ్‌కి కూర్చుంటారు. అలాంటి వింతలు పాత సిరీస్‌లోనూ బోలెడు, అది తప్పేం కాదు. కాకపోతే అక్కడ చుట్టూ ఎంత గందరగోళం జరుగుతున్నా ఆ ఇద్దరూ మాత్రం తొణకరు బెణకరు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, సగం మాటలు కళ్లతోనే కానిచ్చేస్తూ ఉంటారు, మనం టీవీ ముందు కూర్చున్నది వాళ్ల కోసమే, కేసు ఒక సాకు.

టీవీలో స్టీడ్ వేషం వేసిన పాట్రిక్ మాక్నీ ఈ పాత్ర తుపాకీ పట్టదని పట్టుబట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసినవాడు, తోటివాళ్ల చావులు చూసినవాడు, ఇక తెర మీద కూడా కాల్చడం ఇష్టం లేకపోయింది. అందుకే ఆ గొడుగు, ఆ బౌలర్ టోపీ. సినిమావాళ్లు టోపీ తెచ్చారు, గొడుగు తెచ్చారు, ఎమ్మాకి తోలు సూటు కూడా కుట్టించారు. ఆ ఇద్దరి మధ్య ఉండే చనువుని మాత్రం తేలేకపోయారు. ఫైన్స్, థుర్మన్ పక్కపక్కన నిలబడితే ఎవరి డైలాగు వాళ్లు అప్పజెప్పి వెళ్లిపోతున్నట్టుంటుంది.

దానికి తోడు విడుదలకి ముందు మామూలు ప్రేక్షకులకి వేసి చూపిస్తే పెదవి విరిచారు. కంగారుపడి కోసి కోసి 89 నిమిషాలకి దించారు. మీకు కథ అర్థం కాకపోతే మీ తప్పేం లేదు, చాలా ముక్క ఎడిటింగ్ గదిలోనే ఉండిపోయింది. విమర్శకులకైతే ముందుగా చూపించనే లేదు. అన్నట్టు మాక్నీ కూడా ఈ సినిమాలో ఉన్నాడు, అదృశ్య మనిషి పాత్రకి గొంతిచ్చాడు. తెలివైనవాడు, మొహం మాత్రం చూపించలేదు.

ప్రశ్న: ఇన్నిసార్లు చేతులు కాలినా హాలీవుడ్ వాళ్లు మళ్లీ మళ్లీ పాత షోలనే ఎందుకు పట్టుకుంటారు? కొత్త కథలు దొరకవా?

జవాబు: కథలు దొరుకుతాయి, జనానికి ముందే తెలిసిన పేరు దొరకదు. 'టైటానిక్' అమెరికాలో వరుసగా 15 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది గుర్తుందా? 1998 ఏప్రిల్‌లో దాన్ని కిందకి దించింది ఏ కళాఖండమో కాదు, 'లాస్ట్ ఇన్ స్పేస్'. 1965 నుంచి 68 వరకు వచ్చిన టీవీ షోకి సినిమా రూపం. కొత్త కథకైతే ఇది ఫలానా అని జనానికి తెలియజెప్పడానికే కోట్లు పోయాలి, ఇక్కడ ఆ పని ముప్పై ఏళ్ల కిందటే అయిపోయింది. మొదటి వారం పేరు చూసి వచ్చారు. ఆ తర్వాత చూసొచ్చినవాళ్లు నోరు విప్పారు, అంతే. రెండో భాగానికి వీలుగా కథ ముగించారు, ఆ రెండో భాగం రానేలేదు.

ఇంకో చిక్కు లెక్కది. టీవీలో వారానికో చిన్న ఇబ్బంది వస్తుంది, యాభై నిమిషాల్లో తీరిపోతుంది, ఇంతలో ఆ మనుషులు మనకి ఇంకొంచెం దగ్గరవుతారు. నాలుగేళ్లు అలా గడిచాక వాళ్లేం మాట్లాడినా మనకి ముద్దే. సినిమాకి ఉండేది రెండు గంటలు. అందులో ప్రపంచం మునిగిపోవాలి, దాన్ని వీళ్లు కాపాడాలి, అదీ చాలదన్నట్టు అసలు వీళ్లిద్దరూ మొదటిసారి ఎలా కలిశారు, ఎలా కొట్టుకున్నారు, ఎలా కలిసిపోయారు అని మొదటి గంటంతా తినేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. షో మొదటి ఎపిసోడ్‌కే వాళ్లు జిగ్రీ దోస్తులు. మనం డబ్బులిచ్చింది ఆ స్నేహం చూడటానికి, అది మొదలవకముందు సంగతి ఎవరడిగారు?

ప్రశ్న: అన్నిట్లోకీ చెత్త ఏది? ఒక్క పేరు చెప్పండి.

జవాబు: 'వైల్డ్ వైల్డ్ వెస్ట్', 1999. దాదాపు 17 కోట్ల డాలర్ల ఖర్చు. విల్ స్మిత్ 'మేట్రిక్స్'లో నియో పాత్ర వదులుకుని మరీ ఇది చేశాడు, ఆ సంగతి తర్వాత తనే చెప్పుకున్నాడు. 1960లలో టీవీలో ఆ ఇద్దరు సీక్రెట్ ఏజెంట్లూ ఒకరికొకరు ప్రాణమిచ్చే జంట, సినిమాలో చాలాసేపు కీచులాడుకుంటూనే ఉంటారు. ఇక క్లైమాక్స్‌లో ఆవిరితో నడిచే పెద్ద ఇనుప సాలీడు. దాని వెనక ఒక కథ ఉంది. రచయిత, దర్శకుడు కెవిన్ స్మిత్ ఒకప్పుడు సూపర్‌మ్యాన్ సినిమాకి స్క్రిప్టు రాస్తుంటే, నిర్మాత జాన్ పీటర్స్ చివర్లో హీరో పెద్ద సాలీడుతో పోరాడాల్సిందేనని పట్టుపట్టాడట. ఆ సినిమా తయారవలేదు. కొన్నాళ్లకి 'వైల్డ్ వైల్డ్ వెస్ట్'కి వెళ్లి కూర్చున్న కెవిన్ స్మిత్‌కి తెర మీద అదే సాలీడు ఎదురైంది, నిర్మాతా ఆ పీటర్సే. సాలీడు ముందు పుట్టింది, షో తర్వాత దొరికింది!

టీవీలో హీరోగా చేసిన రాబర్ట్ కాన్రాడ్ ఈ సినిమా మీద ఎంత రగిలిపోయాడంటే, దీనికి చెత్త సినిమాలకిచ్చే 'రాజీ' (Razzie) అవార్డు వస్తే స్వయంగా వేదికెక్కి పుచ్చుకున్నాడు.

ప్రశ్న: మా అబ్బాయి అంటాడు, "నాన్నా, ఆ పాత షోలు కూడా చెత్తే, మీరు చిన్నప్పుడు చూశారు కాబట్టి గొప్పగా కనిపిస్తున్నాయి" అని. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఒప్పుకోడానికి మీకూ నాకూ మనసొప్పదు కానీ ఒప్పుకుందాం. 'ది డ్యూక్స్ ఆఫ్ హజార్డ్' (1979–85) తీసుకోండి. ఏ వారం చూసినా ఒకటే కథ: ఇద్దరు కుర్రాళ్లు, ఒక అవినీతి పెద్దమనిషి, చేతకాని పోలీసులు, నారింజ రంగు డాడ్జ్ చార్జర్ కారు, ఒక వాగు, వాగు మీంచి గెంతు.

కానీ ఆ గెంతు దగ్గర ఒకసారి వీడియో ఆపి చూపించండి మీవాడికి. ఇంజిన్ బరువుకి కారు ముక్కు ముందుకి వాలిపోకుండా డిక్కీలో బరువులు వేసేవాళ్లు. అయినా నేలని తాకగానే ముందు భాగం మడత పడిపోవడం తెలుస్తూనే ఉంటుంది, ఆ కారు పని అక్కడితో సరి. మరుక్షణం తుడిచిపెట్టినంత నిగనిగలాడుతూ వెళ్లిపోయేది వేరే కారు. అలా మొత్తం షోకి 300 దాకా కార్లు వాడేశారు. ఎవరో నిజంగా ప్రాణం పణంగా పెట్టి నడిపారని చూసేవాడికి తెలిసిపోతుంది, కథ పాతదైనా ఆ దెబ్బ పాతబడలేదు.

2005 సినిమాలోనూ కారు గాల్లోకి లేస్తుంది, పాపం వాళ్లూ కష్టపడ్డారు. కాకపోతే టీవీలో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన కథని బూతు జోకులతో నింపారు. షోలో మెకానిక్ కూటర్‌గా నటించి ఆ తర్వాత అమెరికా పార్లమెంటుకి కూడా ఎన్నికైన బెన్ జోన్స్, ఈ సినిమాకి వెళ్లకండని అభిమానులకి బహిరంగంగా చెప్పాడు. కాబట్టి మీ అబ్బాయితో వాదన పెట్టుకోకండి, ఆ ఒక్క గెంతు చూపించి ఊరుకోండి.

ప్రశ్న: 'థండర్‌బర్డ్స్' సినిమా (2004) గురించి మీ అభిప్రాయం?

జవాబు: 1965లో వచ్చిన అసలు షో, ఆపదలో ఉన్నవాళ్లని కాపాడే అన్నదమ్ముల కథ. అందులో తీగలకి వేలాడే బొమ్మలు సరిగ్గా నడవలేకపోయేవి. అందుకని నడక కనపడకుండా నడుము పైకి చూపించడమో, ఏదో ఒక వాహనం ఎక్కించడమో చేసేవారు. రాకెట్ విమానం బయల్దేరే ముందు దారికి అటూ ఇటూ ఉన్న తాటిచెట్ల లాంటివి మెల్లగా వెనక్కి వాలేవి. పిల్లల గుండె ఆగేది ఆ చెట్లు వాలే క్షణంలోనే. సినిమాలో బొమ్మల్ని తీసేసి మనుషుల్ని పెట్టారు, ఆ మనుషుల్లో కూడా పెద్దన్నయ్యలందర్నీ అంతరిక్షంలో ఇరికించి బడికెళ్లే తమ్ముడి చేతికి కథ ఇచ్చారు. వాళ్లకి సాయపడే లేడీ పెనెలోపీ గులాబీ రంగు రోల్స్‌రాయిస్ కాస్తా ఫోర్డ్ అయింది. ఇంతకంటే చెప్పడానికి ఏముంది.

ప్రశ్న: తమ పాత్రని ఇంకొకరు వేస్తుంటే అసలు నటులకి ఎలా ఉంటుందో పాపం!

జవాబు: క్లేటన్ మూర్ సంగతి తెలిస్తే మీకు ఇంకా బాధేస్తుంది. 'ది లోన్ రేంజర్' మొదట 1933లో రేడియోలో పుట్టింది, 1949లో టీవీకి వచ్చింది. కళ్లకి నల్ల ముసుగేసుకున్న హీరో మూర్. షో ఆగిపోయాక కూడా ఆయన అదే వేషంలో ఊరూరా తిరిగి పిల్లల్ని పలకరించేవాడు, బతుకుతెరువూ అదే, సంతోషమూ అదే. ఇంతలో హక్కులున్నవాళ్లు కొత్త సినిమా మొదలుపెట్టారు. ఒక కుర్ర హీరోని పెట్టుకున్నారు, అరవై దాటిన ఈ పెద్దాయన ముసుగుతో తిరిగితే జనం తికమకపడతారని 1979లో కోర్టుకెళ్లి, బయట ముసుగు వేసుకోకూడదని ఆర్డరు తెచ్చారు.

మూర్ ఏం చేశాడు? ముసుగు తీసేసి, దాదాపు అదే ఆకారంలో ఉన్న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. జనమంతా ఆయన పక్షమే. 1981లో ఆ సినిమా వచ్చింది. కొత్త హీరో మాట బాగాలేదని అతని డైలాగులన్నీ ఇంకో నటుడితో చెప్పించారు. సినిమా బోల్తా కొట్టింది, ఆ కుర్రాడు మళ్లీ ఏ సినిమాలోనూ కనిపించలేదు. కొన్నేళ్లకి మూర్ ముసుగు మూర్‌కి తిరిగొచ్చింది. 2013లో జానీ డెప్‌ని హీరో నేస్తం టోంటోగా పెట్టి 20 కోట్ల డాలర్లకు పైగా పోసి మళ్లీ తీశారు, అదీ మునిగింది. పెద్దాయన ఉసురు అనను గానీ, అనాలనిపిస్తుంది.

ప్రశ్న: అన్నీ తిట్లేనా? బాగా తీసినవి లేవా?

జవాబు: ఎందుకు లేవు? 'ది ఫ్యూజిటివ్' ఉంది. టీవీలో 1963 నుంచి 67 వరకు 120 ఎపిసోడ్లు. భార్యని చంపాడన్న నింద పడిన డాక్టర్ పారిపోతుంటాడు, వెనక ఒక పోలీసు. 1993 సినిమా తీసినవాళ్లకి ఇది పరుగు కథ అని తెలుసు. నిజం రైలుని నిజంగానే గుద్దించి ఆ పరుగు మొదలుపెట్టారు. కాసేపటికి డ్యామ్ సొరంగంలో నీళ్ల చప్పుడు మధ్య ఇద్దరూ ఎదురుపడతారు, నా భార్యని నేను చంపలేదని హారిసన్ ఫోర్డ్ అంటే, అది నాకనవసరం అంటాడు టామీ లీ జోన్స్. ఒక్క ముక్కలో నాలుగేళ్ల షో సారం అక్కడుంది. జోన్స్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు.

'ది బ్రేడీ బంచ్ మూవీ' (1995) ఇంకో తెలివి చేసింది. 70ల నాటి టీవీ షోలోని ఆ అమాయకపు కుటుంబాన్ని అవే బట్టలు, అవే బుద్ధులతో 90ల మధ్య వదిలేసింది. వాళ్లని మార్చలేదు, చుట్టూ లోకాన్ని మార్చింది. చూస్తూ నవ్వుకుంటాం, అయినా వాళ్ల మీద ప్రేమ తగ్గదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం 'పోలీస్ స్క్వాడ్!' అనే కామెడీ షో సంగతి. 1982లో ఆరే ఆరు ఎపిసోడ్లు వేసి ఆపేశారు. ఛానెల్ పెద్దాయన చెప్పిన కారణం, ఈ షో అర్థం కావాలంటే ప్రేక్షకుడు కళ్లప్పగించి చూడాల్సి వస్తోందని! అదే బృందం, అదే హీరో లెస్లీ నీల్సన్, 1988లో 'ది నేకెడ్ గన్'గా తెచ్చారు, పెద్ద హిట్టు. చీకట్లో కూర్చున్న ప్రేక్షకుడు ఎలాగూ కళ్లప్పగించే చూస్తాడు కదా. టీవీలో బాగా ఆడినదాన్ని తెచ్చి తంటాలు పడేకంటే ఇలా టీవీలో ఇమడక పోయినవాటిని వెతుక్కోవచ్చు, కానీ వాటికి పేరుండదు, పేరు లేనిదే వీళ్లు చేయి పెట్టరు.

ప్రశ్న: నేను టామ్ క్రూజ్ 'మిషన్: ఇంపాజిబుల్' సినిమాలు చూస్తూ పెరిగాను. పాత సిరీస్ చూడటం దండగా?

జవాబు: దండగేం కాదు, తప్పకుండా చూడండి. 1966లో మొదలైంది. మొదటి సీజన్‌లో టీమ్ పెద్ద వేరే ఆయన, అసలు మజా కావాలంటే రెండో సీజన్ నుంచి పట్టుకోండి, పీటర్ గ్రేవ్స్ జిమ్ ఫెల్ప్స్‌గా వస్తాడు. చేయాల్సిన పని చెప్పే టేపు వింటాడు, అది పొగైపోతుంది, ఇక టీమంతా గడియారంలో పళ్లచక్రాల్లా కదులుతుంది, ఒక్కడు హీరో అని ఎవరూ ఉండరు. ఓ పది ఎపిసోడ్లు ఫెల్ప్స్‌తో గడిపాక 1996 సినిమా మళ్లీ పెట్టండి. టీమ్‌ని మొదటి అరగంటలోనే ఊడ్చేసి, చివరికి ఫెల్ప్స్‌నే ద్రోహిని చేశారని మీకు తెలిసిందే. గ్రేవ్స్ ఆ వేషం తనకొద్దన్నాడు. పాత టీమ్‌లో ఉన్న గ్రెగ్ మోరిస్ హాల్లోంచి మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. సినిమా మాత్రం బ్రహ్మాండంగా ఆడింది, ఆ తర్వాతివి నేనూ వదలకుండా చూశాను, సిగ్గు లేదు నాకు. పది ఎపిసోడ్లయ్యాక మీరెవరి పక్షమో రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.