నడుం నొప్పి ఉన్నవాళ్లు డెడ్‌లిఫ్ట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. రెండేళ్ల కిందట డిస్క్ జారి ఎడమ కాల్లోకి నొప్పి పాకింది. అది తగ్గింది గానీ ఎక్కువసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. వ్యాయామం చెయ్యొచ్చని డాక్టరు చెప్పారు. మొన్న జిమ్‌లో బరువు ప్లేట్లు ఎక్కించని 20 కిలోల ఇనుప బార్‌ని నేల మీద నుంచి ఎత్తాను. మర్నాడు నడుం బిగుసుకుపోయింది. ఇలా కింది నుంచి బార్ ఎత్తి నిలబడే డెడ్‌లిఫ్ట్ నాకు పనికిరాదా?

జవాబు: పనికొస్తుంది. మీకు ఇబ్బంది తెచ్చింది బార్ బరువు కాదు, అది ఉన్న ఎత్తు కావచ్చు. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి వాటిని ఎక్కించిన బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ప్లేట్లు లేకపోతే అది నేలను ఆనుకునే ఉంటుంది. అంత కిందికి చెయ్యి అందాలంటే ముందు తుంటి వంగుతుంది. అది ఇక వంగలేని చోట మిగిలిన దూరానికి నడుం గుండ్రంగా వంగిపోతుంది. ఒకసారి జారిన డిస్క్‌కి, బరువు మోస్తూ అలా వంగడమే పడదు.

అందుకే ముందు బార్ జోలికి పోకుండా, తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి. ఒక పొడవాటి కర్రను వీపు వెంట నిలువుగా పెట్టి, ఒక చేత్తో మెడ వెనక, ఇంకో చేత్తో నడుం వెనక పట్టుకోండి. తల వెనక భాగం, రెండు భుజాల ఎముకల మధ్య, పిరుదుల పైన తోక ఎముక: ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. మోకాళ్లు కొద్దిగా సడలించి పిరుదులను వెనక్కి నెట్టండి. ఛాతీ దానంతటదే ముందుకు వాలుతుంది. తొడల వెనక కండరాలు లాగుతున్నట్టు తెలియాలి. మూడింటిలో ఏ ఒక్క చోటైనా కర్ర వదిలిందంటే ఆగండి. ఇవాళ్టికి మీ లోతు అంతే. ఎంత వెనక్కి నెట్టాలో అంతుపట్టకపోతే గోడకు జానెడు దూరంలో వీపు తిప్పి నిలబడి, పిరుదులు గోడకు తాకేలా వంగండి.

ఇది కుదిరాక 8 నుంచి 12 కిలోల కెటిల్‌బెల్‌ని (పైన పిడి ఉన్న ఇనుప గుండు) 20–30 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి పెట్టె మీద పెట్టి, రెండు పాదాల మధ్య నుంచి ఎత్తండి. ఆ తర్వాతే బార్. అదీ నేల మీద కాదు, ర్యాక్ (బార్‌ని ఆనించే ఇనుప చట్రం) పిన్నుల మీదో దిమ్మెల మీదో, మోకాలి చిప్పకు కాస్త కింద. ఐదేసి సార్లు మూడు సెట్లు, వారానికి రెండు రోజులు చాలు. వరసగా రెండు సార్లు చేశాక మర్నాడు నడుం పట్టకపోతే బార్‌ని ఒక మెట్టు కిందికి దించండి, లేదా 2.5 కిలోలు పెంచండి. రెండూ ఒకేసారి వద్దు. నొప్పి వస్తే దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది.

ఇక ఎత్తే తీరు. పాదాలు తుంటి వెడల్పున. పైనుంచి చూస్తే బార్ పాదం మధ్య మీదుగా పోవాలి, అంటే కాలి ఎముకకు రెండు మూడు సెంటీమీటర్ల దూరం. మోకాళ్లకు కాస్త బయటగా పట్టుకోండి. చంకల్లో ఏదో నొక్కి పట్టుకున్నట్టు భుజాలను కిందికి బిగించండి. పొట్టలోకి, పక్కల్లోకి గాలి నింపి, ఎవరో పొట్టలో గుద్దబోతున్నారన్నట్టు చుట్టూ బిగించండి. అప్పుడు కూడా వెంటనే లాగకండి. ముందు చేతులు తిన్నగా బిగిసి, బార్‌కీ ప్లేట్లకీ మధ్య ఉన్న వదులు పోయేదాకా మెల్లగా లాగి, ఆ బిగువు వదలకుండా పాదాలతో నేలను నెట్టండి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ అరసెకను దగ్గరే. ఒక్క కుదుపుతో లాగితే బార్ కదలకముందే నడుం వంగిపోతుంది.

బార్ తొడలను రాసుకుంటూనే పైకి రావాలి. వెన్నును నిలబెట్టే కండరాలు వెన్నెముకకు కొద్ది సెంటీమీటర్ల దూరం నుంచే పని చేస్తాయి. కాబట్టి బార్ ఒక పది సెంటీమీటర్లు ముందుకు జరిగినా వాటి మీద భారం విపరీతంగా పెరుగుతుంది. పైన తిన్నగా నిలబడి పిరుదులు బిగిస్తే చాలు, వెనక్కి వాలక్కర్లేదు. దించేటప్పుడు ముందు పిరుదులు వెనక్కి పోవాలి, బార్ మోకాళ్లు దాటాకే మోకాళ్లు మడవాలి. ప్రతిసారీ పూర్తిగా కింద పెట్టి, మళ్లీ ఊపిరి తీసుకుని ఎత్తండి.

ఒకసారి పక్క నుంచి, తుంటి ఎత్తులో ఫోన్ పెట్టి వీడియో తీసుకోండి. పిరుదులు ముందు లేచి ఛాతీ అక్కడే ఉండిపోతోందా? బరువు ఎక్కువైంది, లేదా స్క్వాట్‌లా, అంటే గుంజీలు తీస్తున్నట్టు మరీ కిందికి కూర్చుని మొదలుపెడుతున్నారు. అద్దంలోకి చూస్తూ మెడ ఎత్తడం కూడా మానండి. రెండు మూడు మీటర్ల ముందు నేలను చూడండి.

ప్రశ్న: బెల్టు కట్టుకుంటే నడుం భద్రమే కదా?

జవాబు: బెల్టు వెన్నును మోయదు. పొట్ట బిగించేటప్పుడు ఆనుకోవడానికి ఒక గోడలా ఉంటుంది, అంతే. బిగించడం రానివాళ్లకు దానితో ఉపయోగం తక్కువ. మొదటి కొన్ని నెలలు లేకుండానే చెయ్యండి. మెత్తటి పరుగు బూట్లు మార్చుకోవడం అంతకన్నా ముఖ్యం. అడుగు పలచగా, గట్టిగా ఉన్నవి వేసుకోండి. రక్తపోటు ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే ముందు డాక్టర్ని అడగాలి.

ప్రశ్న: ఎంత నొప్పి వరకు ఫర్వాలేదు?

జవాబు: తొడల వెనక, పిరుదుల్లో, నడుం కండరాల్లో రెండు పక్కలా సమానంగా వచ్చే, ఒళ్లు పులిసినట్టుండే నొప్పి ఒకటి రెండు రోజుల్లో పోతే కంగారు పడక్కర్లేదు. నొప్పి ఎంతన్నదానికన్నా ఎటు పోతోందన్నది చూడండి. పిరుదు నుంచి మోకాలి కిందికి దిగుతుంటే, తిమ్మిరి మొదలైతే, ఆ రోజుకి ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. నిద్ర లేచిన మొదటి గంటలో చెయ్యకండి. రాత్రంతా నీరు పీల్చుకున్న డిస్క్‌లు అప్పుడు ఉబ్బి, వంగడానికి మొండికేస్తాయి. పాదం పైకి లేపలేకపోతున్నా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆలస్యం చెయ్యకుండా అదే రోజు ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.