సర్వర్ లేవకపోతే చీమకుర్తి దాకా పరుగెత్తాలా?

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ వాళ్ల ఉబుంటు లినక్స్ సర్వర్ నేనే చూస్తుంటాను. ఉండేది ఒంగోల్లో. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిందంటే, మళ్లీ కరెంటు వచ్చాక సర్వర్ ఆన్ అవుతుంది గానీ మధ్యలో ఆగిపోతుంది. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ అందదు. వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తే ఒకసారి "ఏదో ఎఫ్1 నొక్కమంటోంది సార్" అంటాడు, ఇంకోసారి "అంతా నల్లగా ఉంది, తెల్ల అక్షరాలు" అంటాడు. అర్ధరాత్రి బండి తీయడం నావల్ల కావడంలేదు. సీరియల్ కన్సోల్ (సర్వర్ తెర మీది అక్షరాలను ఒక వైరు మీద పక్క మిషన్‌కి పంపే ఏర్పాటు) పెట్టుకోమని మిత్రుడు చెప్పాడు. ఇంట్లోంచే పని అవుతుందా? అసెంబుల్డ్ మిషన్, బడ్జెట్ తక్కువ.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: సగం అవుతుంది. మీ వాచ్‌మన్ చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు.

ఎఫ్1 అడిగేది బయాస్, అంటే ఆన్ చేయగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రాము. అప్పటికి లినక్స్ మొదలే కాలేదు. సర్వర్ బోర్డుల్లో బయాస్ తెరను కూడా సీరియల్ మీదికి మళ్లించే వీలు ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో సాధారణంగా ఉండదు. కాబట్టి ఎంత మంచి వైరు కొన్నా దీనికి లాభం లేదు. పగటిపూట వెళ్లి, ఎర్రర్ వస్తే ఆగే సెట్టింగును బయాస్‌లో తీసేయండి. కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగు మీకు ఉన్నట్టే ఉంది, దాన్ని కదిలించొద్దు. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కూడా మార్చండి. పాత బోర్డుల్లో అది అయిపోతే కరెంటుతో పాటే సెట్టింగులూ పోతాయి. ఫ్యాన్ తిరగడం లేదని ఎఫ్1 అడుగుతుంటే మాత్రం ఎర్రర్ దాచకండి, ఫ్యాన్ మార్చండి. రాళ్లు కోసే చోట దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా!

ఇక ఆ నల్ల తెర. డిస్క్ చెకింగ్ కుదరక లినక్స్ ఎమర్జెన్సీ మోడ్‌లో, అంటే మీరొచ్చి బాగు చేసేదాకా ఎదురుచూస్తూ, ఆగి ఉంటుంది. సీరియల్ కన్సోల్ పనికొచ్చేది ఇక్కడే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి నాకు ఈ వైర్ల మీద కాస్త పక్షపాతం ఉంది. సర్వర్‌లో నెట్‌వర్క్ ఇంకా లేవకపోయినా ఇవి మాట్లాడతాయి.

సర్వర్ వెనక తొమ్మిది పిన్నుల పోర్టు ఉందేమో చూడండి. లేకపోతే బోర్డు మీద కామ్ అని రాసిన పది పిన్నుల గడి ఉండొచ్చు, దానికి బ్రాకెట్ వైరు దొరుకుతుంది. ఆ వైర్లలో రెండు రకాల అమరికలున్నాయి, బోర్డు మాన్యువల్ చూశాకే కొనండి. పక్కన ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పెట్టి, యూఎస్‌బీ–సీరియల్ కేబుల్‌కీ సర్వర్‌కీ మధ్య నల్ మోడెమ్ కేబుల్ వేయండి. అందులో 2, 3 పిన్నులు అడ్డంగా మారతాయి, 5 గ్రౌండ్. డబ్బు మిగులుతుందని పై మీది పిన్నులకే నేరుగా కలపకండి! అవి 3.3 వోల్టులవి. సీరియల్ పోర్టు ప్లస్ నుంచి మైనస్ దాకా అంతకు ఎన్నో రెట్లు ఊగుతుంది. ఆ రాస్ప్‌బెర్రీ పై కాలిపోతుంది.

తర్వాత లినక్స్‌ను లేపే గ్రబ్ సెట్టింగుల్లో, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) లైనులో కన్సోల్ రెండుసార్లు రాయాలి: ముందు మామూలు తెర టీటీవై0, చివర సీరియల్ టీటీవైఎస్0, వేగం 115200. ఈ వరుస ముఖ్యం. చివర రాసిందే అసలు కన్సోల్ అవుతుంది, ఎమర్జెన్సీ మోడ్ వచ్చేది అక్కడికే. గ్రబ్ మెనూ కూడా సీరియల్‌కి వచ్చేలా పెడితే పాత కెర్నల్ ఎంచుకోవచ్చు. లాగిన్ ప్రాంప్ట్‌ను లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ తనంతట తనే ఇస్తుంది. మార్చాక అప్‌డేట్ గ్రబ్ కొట్టడం మరవకండి.

చాలామంది బోల్తా పడేది ఇంకోచోట. ఉబుంటులో రూట్ ఖాతాకి, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాకి, మొదటినుంచీ తాళమే. ఎమర్జెన్సీ మోడ్‌లో మీరు ఇంత కష్టపడి సీరియల్‌లోకి వస్తే, రూట్ ఖాతా లాక్ అయి ఉంది, కన్సోల్ ఇవ్వలేను అంటుంది. ఎంటర్ కొడితే మళ్లీ అదే మాట. రూట్‌కి ఒక గట్టి పాస్‌వర్డ్ ముందే పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్‌లో రూట్ లాగిన్ ఆపేయండి.

ఇంటి నుంచి పై దాకా దారి ఫ్యాక్టరీ ఇంటర్నెట్ మీద పెట్టొద్దు. కరెంటు పోతే ఆ రూటరూ పోతుంది. 4జీ డాంగిల్ ఒకటి పెట్టి, పైని చిన్న యూపీఎస్ మీద ఉంచండి. మొబైల్ సిమ్‌కి బయటినుంచి చేరే అడ్రసు సాధారణంగా రాదు. అందుకే పై తనే బయటికి వచ్చి, మీరు అద్దెకు తీసుకున్న చిన్న క్లౌడ్ మిషన్‌కి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో కలవాలి. 25 సెకన్లకోసారి పలకరించే సెట్టింగు పెడితే దారి మూసుకుపోదు. సీరియల్ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

పై మీద స్క్రీన్ అనే ప్రోగ్రామును లాగింగ్‌తో నడుపుతూ ఉంచండి. సర్వర్ చచ్చే ముందు కెర్నల్ ఏం అరిచిందో ఫైల్లో దొరుకుతుంది. పని కాగానే లాగవుట్ కూడా చేయండి. విండో మూసినంత మాత్రాన సీరియల్ లాగిన్ పోదు, తర్వాత వచ్చినవాడికి మీ రూట్ షెల్ తెరిచే ఉంటుంది.

ప్రశ్న: రెండు సర్వర్లకి రెండు యూఎస్‌బీ–సీరియల్ కేబుళ్లు పెట్టాను. రీబూట్ అయినప్పుడల్లా పేర్లు తారుమారై, ఒకదాని బదులు ఇంకోదానిలోకి వెళ్తున్నాను. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: టీటీవై యూఎస్‌బీ0, 1 అనే పేర్లు ఏది ముందు కనిపిస్తే దానికి వచ్చేవి, వాటిని నమ్మకండమ్మా. డెవ్ కింద సీరియల్ ఫోల్డరులో బై–ఐడీ పేర్లుంటాయి, అవి వాడండి. చవక కేబుళ్లు రెండింటికీ ఒకే ఐడీ ఉంటే బై–పాత్ వాడాలి. అప్పుడు ఏ రంధ్రంలో ఏ కేబుల్ పెట్టారో దాన్ని కదపకూడదు, స్టిక్కర్ అంటించేయండి.