ట్రిగ్గర్ మీది, మాట గైడుది

వేట గైడుల గురించి, వాళ్లతో మసలుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు. ఆరూ బెంగళూరు నుంచి వచ్చినవే.

ప్రశ్న: మా టీమ్ నుంచి నలుగురం జూలైలో దక్షిణాఫ్రికా లింపోపోకి అయిదు రోజుల వేటకు వెళ్తున్నాం. మిగతా ముగ్గురికీ అలవాటుంది. నేను కాలేజీలో ఎన్‌సీసీ పాయింట్ టూ టూ రైఫిల్ తప్ప ఏదీ పట్టలేదు. "ఫారంలో అనుభవం ఉందని రాసెయ్, లేకపోతే గైడు చులకన చేస్తాడు" అంటున్నారు. ఏం రాయమంటారు? డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి?
– మారతహళ్లి పాఠకుడు

జవాబు: లేదనే రాయండి. అబద్ధం రాసినా దిగిన సాయంత్రానికే బయటపడుతుంది. సామాను గదిలో పెట్టీ పెట్టకముందే మిమ్మల్ని రేంజ్‌కి తీసుకెళ్లి, 100 మీటర్ల దూరంలో అట్ట నిలబెట్టి మూడు గుళ్లు కాల్చమంటారు. స్కోప్ గురి తప్పలేదని చూసుకోవడానికే ఇదంతా అని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. గైడు అట్టను చూసేదానికంటే మిమ్మల్నే ఎక్కువ చూస్తాడు. ట్రిగ్గర్ లాగే ముందు కళ్లు మూసుకుంటున్నారా, దెబ్బకు భయపడి భుజం ముందే బిగుస్తోందా, కాల్చిన వెంటనే బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కిస్తున్నారా? మూడు రంధ్రాలూ టీ సాసర్ కింద దాగితే 150 మీటర్ల దాకా మిమ్మల్ని నమ్ముతాడు. అన్నం పళ్లెం పెడితే తప్ప దాగకపోతే 80 మీటర్లలోపు తప్ప కాల్చనివ్వడు. ఆ సంగతి అతనికి ముందే తెలిస్తే పొదలు దట్టంగా ఉన్నచోటు, దగ్గరికి నడిచి వెళ్లగలిగేచోటు చూసి పెడతాడు. తెలియకపోతే బోడి మైదానంలో దూరపు గురికి ఏర్పాట్లు చేసుకుని, మొదటి రోజంతా వాటిని మార్చుకుంటూ కూర్చోవాలి. ఆ రోజుకి డబ్బు కట్టేది మీరే.

బయల్దేరేలోపు బెంగళూరులో ఏదైనా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో నెల రోజులు సాధన చెయ్యండి. వేటతుపాకీ తన్ను అక్కడ తెలియదు గానీ ఊపిరి, వేలు అదుపులోకి వస్తాయి. ఇంకో పని ఇంట్లోనే అవుతుంది. ఆఫ్రికాలో ఎక్కువగా నిలబడి, మూడుకాళ్ల కర్రల మీద తుపాకీ ఆనించి కాలుస్తారు. బ్యాంబూ బజార్లో ఆరడుగుల సన్న వెదురు కర్రలు మూడు కొని, పైనుంచి జానెడు కింద సైకిల్ ట్యూబు ముక్కతో బిగించండి. చీపురు కర్రను తుపాకీ అనుకుని కర్రలు పరచడం, ఆనించడం, గురి పెట్టడం పది సెకన్లలో అయ్యేదాకా చెయ్యండి. పక్కింటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ఇక డబ్బు సంగతి. అక్కడ విదేశీయులు లైసెన్సున్న ఔట్‌ఫిటర్, అంటే వేట ఏర్పాట్లు చేసేవాడి ద్వారా రావాలి, లైసెన్సున్న ప్రొఫెషనల్ హంటర్, అంటే గైడు వెంట ఉండి వేటాడాలి. రెండోవాణ్ణి అందరూ పీహెచ్ అంటారు. ఒప్పందం, డబ్బు ఔట్‌ఫిటర్‌తో. పొద్దున నాలుగున్నర నుంచి మీ పక్కనుండేది పీహెచ్. ఇద్దరూ ఒకరే కావచ్చు కూడా. రోజు రేటులో ఒక పీహెచ్ ఒక్కరికా, ఇద్దరికా అన్నది మొదట తేల్చుకోండి. ఇద్దరికి ఒకరైతే చౌక, కానీ మీలాంటి కొత్తవారు అలవాటున్న స్నేహితుడితో పీహెచ్‌ని పంచుకుంటే సగం సమయం బండిలోనే గడిచిపోతుంది. ట్రోఫీ ఫీజు (కాల్చిన ఒక్కో జంతువుకు కట్టేది) పట్టిక, తుపాకీ అద్దె, తూటాల ఖర్చు, వ్యాట్ కలిపా విడిగానా, విమానాశ్రయం నుంచి క్యాంపుకు బండి ఎవరిది అన్నవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. కంచె లోపల ఎన్ని హెక్టార్లు, జంతువులు అక్కడే పుట్టి పెరిగినవా లేక సీజన్ ముందు తెచ్చి వదిలినవా అనీ అడగండి. నికార్సయిన ఔట్‌ఫిటర్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. నొచ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

నడకలో ముందు జాడ పట్టే ట్రాకర్, తర్వాత పీహెచ్, వెనక మీరు. పీహెచ్ చెప్పేదాకా తుపాకీలో తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉండాలి. మొదటి రోజే "కాల్చు" అనే మాట ఏ భాషలో, ఏ పదంతో చెబుతాడో ఖాయం చేసుకోండి. గుంపులో "ఎడమ నుంచి మూడోది" అని అతనంటే, మీరు అదే మాట తిరిగి చెప్పి అతను తలూపాకే వేలు ట్రిగ్గర్ మీద పెట్టాలి. దాని వెనక ఇంకో జంతువు ఉంటే ఆగాలి. తూటా దూసుకెళ్లి రెండోదానికీ తగిలితే రెండు ఫీజులు కట్టాలి. గురి ముందుకాలు వెనక గీతను పట్టుకుని పైకెళ్లి, ఒంటి ఎత్తులో కింద నుంచి మూడో వంతు దగ్గర. అక్కడి జంతువుల గుండె మనం అనుకునేదానికంటే ముందుకి, కిందికి ఉంటుంది.

చివరి రోజు పీహెచ్ ఒక రిజిస్టర్ మీద సంతకం పెట్టమంటాడు. ఏ జంతువు, ఎన్ని, ఏ తేదీ అన్నీ నింపాకే పెట్టండి. ఖాళీ గళ్ల మీద మాత్రం సంతకం వద్దు. కొమ్ములు, తోళ్లు బెంగళూరు తెచ్చుకునే ఆలోచన మానుకోండి. కస్టమ్స్ దగ్గర పట్టుబడే సరుకు అది. ఫొటో చాలు.

ప్రశ్న: మా అన్నయ్య దక్షిణాఫ్రికాలో ఇంపాలా జింకను కాల్చాడు. రెండు చుక్కల నెత్తురు కనిపించింది, జంతువు దొరకలేదు. అయినా పూర్తి ఫీజు వసూలు చేశారు. ఇది మోసం కాదా?
– ఎలక్ట్రానిక్ సిటీ పాఠకురాలు

జవాబు: ఒప్పందం ప్రకారం మోసం కాదు. గాయపడి దొరకని జంతువుకు పూర్తి ఫీజు అన్న షరతు అక్కడి ఒప్పందాల్లో మామూలే. నెత్తురు కనిపిస్తే గాయపడినట్టే లెక్క. 1991లో వచ్చిన చట్టంతో, సరైన కంచె ఉన్న భూమిలోని అడవి జంతువులు అక్కడ యజమాని ఆస్తి. ఎక్కడో పొదలో పడి చచ్చినా నష్టం అతనిదే.

అడగాల్సింది వేరే ఉంది. గైడు తన పని సరిగ్గా చేశాడా? కాల్చినవారు కాల్చిన చోటే నిలబడి జంతువు నిలిచిన చోటును వేలితో చూపిస్తుండాలి, ట్రాకర్ అక్కడికి వెళ్లి గుర్తు పెట్టాలి. అందరూ ఒక్కసారిగా పరిగెత్తితే జాడ కాళ్ల కింద పడి చెరిగిపోతుంది. నురగతో గులాబీ రంగు నెత్తురైతే ఊపిరితిత్తులు, జంతువు దూరం పోదు. ముదురు ఎరుపైతే కాలేయమో కండో. పచ్చగా, వాసనతో ఉంటే పొట్ట. అప్పుడు కొన్ని గంటలు కదలకుండా ఆగాలి. వెంటనే తరిమితే పడుకోబోయే జంతువు లేచి మైళ్లు పోతుంది. ఎముక ముక్కలు, కొద్దిగా నెత్తురు కనిపిస్తే కాలికి తగిలినట్టు. రెండు చుక్కలు పడి ఆగిపోతే తోలు గీరుకుపోయి ఉండొచ్చు.

ఇక్కడే కాల్చినవారి తప్పు కూడా వస్తుంది. గురి ఎక్కడుందని గైడు అడిగితే అందరూ "భుజం మీదే" అంటారు. కొంచెం వెనక్కి జరిగిందేమో అన్న అనుమానం ఉన్నా నోరు రాదు. ఆ ఒక్క మాట చెబితే గైడు ఆగేవాడు. అన్నయ్యగారిని మెల్లగా అడిగి చూడండి.

గైడు అరగంట వెతికి భోజనానికి వెళ్లిపోయి, కుక్కను తేకుండా, మర్నాడు పొద్దున మళ్లీ చూడకుండా వదిలేస్తే మాత్రం అది అడగదగ్గ విషయం. కానీ అడగాల్సిన సమయం ఆ సాయంత్రమే, ఔట్‌ఫిటర్‌ని, రిజిస్టర్ మీద సంతకానికి ముందు. బెంగళూరు వచ్చాక ఈమెయిల్ పెడితే మర్యాదగా జవాబు వస్తుంది, డబ్బు రాదు.

ప్రశ్న: టిప్పు ఎంత ఇవ్వాలి? ఎవరికి?
– వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: పీహెచ్‌కి ఇచ్చేది వేరు, మిగతావారికి ఇచ్చేది వేరు. వేట మొత్తం ఖర్చులో పదో వంతు పీహెచ్‌కి అన్నది ఎక్కువగా వినిపించే లెక్క. ట్రాకర్‌కి రోజుకి 10 డాలర్ల చుట్టూ. తోలు తీసేవారిని, వంటవారిని మర్చిపోవద్దు. కొన్ని క్యాంపుల్లో సిబ్బందికంతా ఒకే డబ్బా ఉంటుంది, కనుక ముందుగా ఔట్‌ఫిటర్‌ని అడగండి. చివరి రోజు కవర్లలో పెట్టి ఎవరిది వారి చేతికే ఇవ్వండి. కొమ్ముల పొడుగును బట్టి టిప్పు కోయడం చిన్నతనం. నాలుగు రోజులు ఎండలో తిరిగి మంచి గురి దొరక్క "వద్దు" అన్న గైడు, తొందరపెట్టి కాల్పించినవాడికంటే ఎక్కువ కష్టపడ్డాడు.

ప్రశ్న: మా మరిది హెచ్‌-1బీ వీసా మీద డెన్వర్‌లో ఉంటాడు. స్నేహితులతో ఎల్క్ దుప్పి వేటకు వెళ్తానంటున్నాడు. గైడు తప్పనిసరా?
– బెళ్లందూరు పాఠకురాలు

జవాబు: కొలరాడోలో అవసరం లేదు. వయోమింగ్‌లో ఫెడరల్ వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన ప్రాంతాల్లో బయటి రాష్ట్రాలవారు పెద్ద జంతువులను వేటాడాలంటే గైడో, దానికి లైసెన్సున్న స్థానికుడో వెంట ఉండాలి. అలాస్కాలో అమెరికా పౌరులు కానివారికి పెద్ద జంతువు ఏదైనా సరే గైడు ఉండాల్సిందే. అసలు చిక్కు వేరే. వీసా మీదున్నవారు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఆ నిషేధానికి ఒక మినహాయింపు. కాబట్టి ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోవాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. రైఫిల్ సీజన్‌లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ గానీ గులాబీ గానీ వేసుకోవాలి, టోపీ కూడా అదే రంగు.

ప్రశ్న: కనకపుర అవతల రాత్రిపూట అడవిపంది వేటకు తీసుకెళ్లే మనిషి ఉన్నాడట. తలకు అయిదు వేలు. పంటల కాపలాకు లైసెన్సున్న తుపాకీయే కదా, ఏమీ కాదంటున్నాడు.
– పేరు రాయలేదు

జవాబు: అతను గైడు కాదు, మీరు అతని క్లయింటూ కాదు. ఒకే కేసులో ఇద్దరు ముద్దాయిలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం, ఎర వెయ్యడం, ఉచ్చు పెట్టడం, ప్రయత్నించడం కూడా. డబ్బిచ్చి పురికొల్పినవారికీ శిక్ష ఉంది. మామూలు కేసులో మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అభయారణ్యం హద్దు లోపలైతే మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా వెళ్తుంది. చీకట్లో ఆ హద్దు మీకు కనిపించదు. తుపాకీ, మీ కారు జప్తు. తుపాకీ లైసెన్సు వేటకు అనుమతి కాదు. వెళ్లకండి.

ప్రశ్న: మేం వేటగాళ్లం కాదు, కబిని సఫారీకి వెళ్తాం. మా మామగారు జీపు ఎక్కగానే "పులిని చూపిస్తే రెండు వేలు" అంటారు. డ్రైవరు ముఖం మాడ్చుకుంటాడు. పోయినసారి ఏమీ కనిపించలేదు.
– హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పాఠకురాలు

జవాబు: కనిపించకపోవడానికి ఆ రెండు వేలూ ఒక కారణమే. డబ్బు ఆశ చూపిన డ్రైవరు ఇంకెక్కడైనా పులి కనిపించిందని వినగానే అటు పరిగెత్తుతాడు. పది జీపుల వెనక ఆగి, తోక చూసి వస్తారు. ఆగి వినే డ్రైవరుకే అడవి దొరుకుతుంది. ఇంజను ఆపిన తర్వాత అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. చుక్కల దుప్పి ఊరికే కూడా బెదురుతుంది గానీ, కణితి (సాంబార్ దుప్పి) అరుపు, కొండముచ్చు దగ్గు ఒకేచోటి నుంచి ఆగకుండా వస్తుంటే దగ్గర్లో పులో చిరుతో ఉన్నట్టే.

ఎక్కే ముందే మీకేం ఇష్టమో చెప్పండి. "పక్షులు చూస్తాం, ఏనుగుల దగ్గర ఆపండి" అన్నవారికి డ్రైవరు తీరిగ్గా చూపిస్తాడు. మార్చి నుంచి మే దాకా నీరు తగ్గి బ్యాక్‌వాటర్ ఒడ్డుకు ఏనుగులు గుంపులుగా వస్తాయి, ఆ కాలం ఎంచుకోండి. టిప్పు దిగేటప్పుడు, పులి ఊసెత్తకుండా ఇవ్వండి. భుజం తట్టి ఆపమనే అలవాటు మామగారికి ఉంటే, ఆయనకు బైనాక్యులర్లు ఇచ్చి డ్రైవరుకు చెయ్యి అందనంత వెనక వరుసలో కూర్చోబెట్టండి.