రీయూనియన్‌లో దిగిన మొదటి వారం: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్ గురించి నువ్వు పంపిన పేజీలు చదివాను. "దీవి అంతా పచ్చగా ఉంది, గాలి వెచ్చగా తగులుతోంది" అని ఎత్తుకున్నావు. అది సాన్ దెనీ విమానాశ్రయం బయట, పొద్దుటి పూట మాట. అగ్నిపర్వతం లేపిన దీవిలో "అంతా" అనడానికి వీల్లేదు. ఏ పక్కన నిలబడ్డావు, ఎంత ఎత్తున, ఎన్ని గంటలకు? నోటుబుక్కులో రాసే ప్రతి ముక్క పక్కనా ఈ మూడూ వేసుకో. ఎత్తు ఫోనే చెబుతుంది.

ఎందుకంటే, ఆగ్నేయం నుంచి వచ్చే తడిగాలి తూర్పు వాలును ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన వానంతా అక్కడే కురిపిస్తుంది. అక్కడ కొన్నిచోట్ల ఏడాదికి 10 మీటర్ల వాన. పడమటి తీరంలో అర మీటరు పడితే గొప్ప, అందుకే సాన్ జీల్ పైన ఎండుగడ్డి. రెంటికీ మధ్య కారులో గంటన్నర. తూర్పున గొడుగు కింద రాసిన వాక్యం పడమటికి చేరేసరికి అబద్ధమైపోతుంది.

కొండ చూడాలంటే చీకటితోనే బయల్దేరు. పది దాటితే మబ్బు కమ్మేస్తుంది. అగ్నిపర్వతాన్ని చూడ్డానికి నిలబడే అంచు, పా ద బెల్‌కోంబ్ దగ్గర ఎత్తు 2,311 మీటర్లు. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది కాబట్టి, అక్కడి చలికాలమైన జులైలో తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండొచ్చు. పల్చటి చొక్కాతో వెళ్తే వణుకు తప్ప ఏమీ రాయలేవు. ఇంకోటి: కింద ఎండ కాస్తున్నా పైన కురిస్తే వాగులు నిమిషాల్లో పొంగుతాయి. నోట్సు కోసం వాగు మధ్యలో ఆగకు.

ఇక లావా. నీ పేజీల్లో అది "నల్లని శిలాసముద్రం" అయింది. కొట్టెయ్. లావా సముద్రం వైపు జారే ఆగ్నేయపు వాలు, గ్రాండ్ బ్రూలే దగ్గర తీరం రోడ్డు పాత లావా ప్రవాహాల మీదుగానే పోతుంది. ఏ ప్రవాహం ఏ ఏడాదిదో రోడ్డు పక్క బోర్డులుంటాయి. 2007 ఏప్రిల్‌లో లావా ఈ రోడ్డును మింగి సముద్రంలో దిగింది. ఒక్కో బోర్డు దగ్గరా పావుగంట ఆగి, వంగి చూడు. నిదానంగా పారిన చోట పైపొర తాడు పేనినట్టు ముడతలు పడి ఉంటుంది. ముక్కలై దొర్లిన చోట అంచులు బూటు అడుగును కోసేస్తాయి, చేత్తో ఆనుకోకు. కొన్నేళ్లకే నలుపు మీద బూడిదరంగు లైకెన్ (రాతిని పట్టుకుని పెరిగే నాచులాంటిది) పడుతుంది, పగుళ్లలో ఫెర్న్ మొలుస్తుంది, ఆ తర్వాత పొదలు. బోర్డు చూడకుండా మొక్కను బట్టి వయసు అంచనా వేసి, తర్వాత సరిచూసుకో. వాన పడే పక్కన ఇది త్వరగా జరుగుతుంది, అదీ పట్టించుకో.

నైరుతి తీరంలోని ఎతాంగ్ సాలేలో ఇసుక నలుపు. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దిగితే కాళ్లు బొబ్బలెక్కుతాయి. చిటికెడు అరచేతిలో పోసుకుని ఎండలో తిప్పితే ఆకుపచ్చ నలుసులు మెరుస్తాయి, అది ఆలివిన్ అనే లావా ఖనిజం. సాన్ జీల్‌లో తెల్ల ఇసుక పగడపు దిబ్బల పొడి. "అందమైన బీచ్" కంటే ఈ తేడా రాస్తే పాఠకుడికి ఏదో దక్కుతుంది. 1977లో లావా చుట్టుముట్టినా నిలిచిన చర్చి కథ మాత్రం ప్రతి గైడూ చెబుతాడు, నువ్వు ఒక్క వాక్యంలో దాటెయ్.

మనవాళ్ల ప్రస్తావన తేవాలని నీకు ఉబలాటంగా ఉంది, తెలుస్తూనే ఉంది. 1820ల చివర్లోనే యానాం నుంచి తెలుగు కూలీలు ఈ దీవికి వెళ్లారు. కానీ రోడ్డు పక్క కనిపించే గుళ్లు ఎక్కువగా తమిళ సంప్రదాయంవి. గోపురం కనిపించగానే "మన గుడి" అనెయ్యకు, పూజారిని అడుగు. నిజంగా మనకు తగిలే సంగతి రాయిలో ఉంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను మీద పరుచుకున్న లావా, అంటే వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరాయి, ఈ దీవి కింద, భూమి లోతుల్లోంచి వేడి రాయి పైకి ఉబికే చోటు (హాట్‌స్పాట్) నుంచే వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అయితే అది తర్వాత చదివి తెలుసుకునేది. మొదటి చూపులో కలిపేస్తే చూసిందేదో, చదివిందేదో తెలియదు. కుడి పేజీలో చూసింది, అదే రోజు రాత్రి. ఎడమ పేజీ ఖాళీగా ఉంచు, కారణాలు వారం తర్వాత అక్కడ రాయి. కుడి పేజీని మాత్రం దిద్దకు.

గ్రాండ్ బ్రూలే పేజీలు రెండే తిరగరాసి పంపు. పక్క, ఎత్తు, గంట వేసి పంపు. మిగతావి అవి చూశాక మాట్లాడుకుందాం.