సందేహాలు – సమాధానాలు: 'పెట్టుబడిదారీ'లో ఆ 'దారీ' ఎక్కడిది?

సందేహం: నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతున్నాను. మార్క్స్ ఆర్థికశాస్త్రానికీ స్వేచ్ఛా మార్కెట్ వాదులకీ మధ్య జరిగిన చర్చ మీద కాలేజీ సెమినార్‌కి తెలుగులో పేపర్ రాయాలి. మొదటి పేరాలోనే టెన్షన్ మొదలైంది. 'పెట్టుబడిదారీ విధానం' అనాలా, 'పెట్టుబడిదారుల విధానం' అనాలా? 'పెట్టుబడిదారీవాదం' అని కూడా చూశాను. సర్‌ప్లస్ వాల్యూని కొందరు అదనపు విలువ అంటున్నారు, కొందరు మిగులు విలువ అంటున్నారు. అది లాభమే కదా, లాభం అని రాస్తే సరిపోదా? ఒక అనువాదంలో 'ఉచిత మార్కెట్' అని ఉంది. తప్పని తెలుస్తోంది గాని ఎందుకో చెప్పలేకపోతున్నాను.

సమాధానం: చివరిదానితో మొదలుపెడతాను, అది తొందరగా తేలిపోతుంది. 'ఉచిత మార్కెట్' తప్పే. ఇంగ్లీషువాళ్ళు ఫ్రీ అనే ఒక్క మాటతో రెండు పనులు చేయించుకుంటారు. మనకి రెండు మాటలున్నాయి. డబ్బు తీసుకోకుండా ఇచ్చేది ఉచితం, అడ్డూ ఆపూ లేకపోవడం స్వేచ్ఛ. స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ, అంటే తన ఇష్టం. కొనేవాడూ అమ్మేవాడూ తమ ఇష్టప్రకారం బేరం కుదుర్చుకునే చోటు కాబట్టి స్వేచ్ఛా మార్కెట్. సంస్కృత సమాసంలో 'స్వేచ్ఛావాణిజ్యం' లాగా దీర్ఘం ఉంటుంది, ఇంగ్లీషు మాట ముందు ఆ దీర్ఘం ఎందుకని వ్యాకరణం పట్టించుకునేవాళ్ళు అడుగుతారు. అడగడంలో తప్పులేదు. కానీ పేపర్లూ పాఠ్యపుస్తకాలూ ఏళ్ళ తరబడి వాడి దాన్ని స్థిరపరిచాయి. 'స్వేచ్ఛా మార్కెట్' అనే రాయండి.

ఇక 'పెట్టుబడి'. ఇది అచ్చ తెలుగు మాట, అదీ పొలంలో పుట్టి పెరిగిన మాట. పెట్టు, రా, దిగు అనే క్రియలకి 'బడి' చేరి పెట్టుబడి, రాబడి, దిగుబడి అయ్యాయి. ఏలుబడి, పలుకుబడి కూడా ఆ కోవలోవే. దాని పక్కన చేరిన 'దారు' పారశీకం నుంచి వచ్చింది. కలిగినవాడు, చేతిలో పెట్టుకున్నవాడు అని అర్థం. జమీన్ ఉన్నవాడు జమీందారు, వాటా ఉన్నవాడు వాటాదారు, కౌలుకి చేసేవాడు కౌలుదారు. తల తెలుగు, తోక పారశీకం అయినా 'పెట్టుబడిదారు' ఎవరికీ పరాయిగా వినిపించదు. జమీందారు నుంచి జమీందారీ వచ్చినట్టే పెట్టుబడిదారు నుంచి 'పెట్టుబడిదారీ' వచ్చింది. 'జమీందారీ గ్రామాలు' అన్నప్పుడు 'జమీందారీ' ఎలా విశేషణమో, 'పెట్టుబడిదారీ విధానం'లో ఇదీ అలాగే విశేషణం.

'పెట్టుబడిదారుల విధానం' అంటే వ్యాకరణ దోషం ఏమీ లేదు, అర్థం మాత్రం మారిపోతుంది. అది పెట్టుబడిదారులు అనుసరించే పద్ధతి అవుతుంది. 'పెట్టుబడిదారీ విధానం' అంటే పెట్టుబడిదారూ కార్మికుడూ ఇద్దరూ బతుకుతున్న వ్యవస్థ. మార్క్స్‌కి ఈ తేడా ముఖ్యం. 1867లో వచ్చిన 'కాపిటల్' మొదటి సంపుటం ముందుమాటలోనే ఆయన ఈ సంగతి చెప్పాడు: ఈ పుస్తకంలో మనుషులు కనిపించేది ఆర్థిక సంబంధాలకి రూపాలుగా మాత్రమే, పెట్టుబడిదారు ఒక్కడే దీనికంతటికీ బాధ్యుడని నేను అనడం లేదు అని. 'పెట్టుబడిదారుల' అని షష్ఠి తగిలిస్తే ఆయన వద్దన్న పనే మనం చేసినట్టు. 'వాదం' మాటకొస్తే, మార్క్స్ ఎక్కువగా వాడింది 'పెట్టుబడిదారీ ఉత్పత్తి విధానం' అనే మాట. ఉన్న వ్యవస్థ గురించి రాసేచోట 'విధానం', ఆ వ్యవస్థే మంచిదని వాదించేవాళ్ళ సిద్ధాంతం గురించి రాసేచోట 'వాదం' అనండి. మీ పేపర్లో రెండూ అవసరపడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. షేర్లు కొనే ఉద్యోగినీ, ఫ్యాక్టరీ యజమానినీ తెలుగులో ఒకే మాటతో పెట్టుబడిదారు అంటాం. పత్రికలవాళ్ళు మొదటివారికి 'మదుపరి' అనే మాట తెచ్చి ఈ ఇబ్బంది తప్పించారు. ఆ పని చేసినవాళ్ళకి నా నమస్కారం. మీరూ ఆ తేడా పాటించండి.

అంతకంటే పెద్ద చిక్కు పెట్టుబడి అనే మాటలోనే ఉంది. మా నాన్న మిరప రైతు. ఒక రూళ్ళ నోటుబుక్కులో 'పెట్టుబడి' అని పైన రాసి, కింద దుక్కి, నారు, ఎరువు, పురుగుమందు, కోతకూలి, బండి బాడుగ అని వరసగా ఎక్కించేవాడు. కల్లంలో రోజుల తరబడి ఎండలో కూర్చుని తాలుకాయలు ఏరిన మా అమ్మ కష్టం ఆ నోటుబుక్కులో ఎక్కడా లేదు. తెల్లవారుజామున లేచి నీళ్ళు కట్టిన ఆయన కష్టం కూడా లేదు. చేతి నుంచి డబ్బు పోతేనే పెట్టుబడి. సొంత రెక్కల కష్టం లెక్కలోకి రాదు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కి 4,000 రూపాయలు ఇచ్చి దాన్ని 'పెట్టుబడి సాయం' అన్నారు కదా, అక్కడా ఈ అర్థమే. మద్దతు ధర లెక్కల్లో నలుగుతున్న ఏ2, ఏ2 ప్లస్ ఎఫ్ఎల్, సీ2 గొడవంతా కూడా ఇదే. ఏ2 అంటే చేతి నుంచి పెట్టిన ఖర్చు, అంటే మా నాన్న నోటుబుక్కు. ఎఫ్ఎల్ కలిపితే ఇంటిల్లిపాది కష్టం కూడా చేరుతుంది. సీ2 అంటే సొంత భూమి కౌలు, సొంత సొమ్ము మీద వడ్డీ కూడా కలుస్తాయి.

మార్క్స్ 'కాపిటల్' అన్నది ఈ పెట్టుబడిని కాదు. రైతు మిరపకాయలు అమ్మి ఆ డబ్బుతో బియ్యం, బట్టలు కొంటాడు. సరుకు, డబ్బు, మళ్ళీ సరుకు. ఇందులో డబ్బు దారిలో వచ్చి పోయేదే. అదే డబ్బుతో బయలుదేరి, సరుకు మీదుగా, మరింత డబ్బు దగ్గరికి చేరడం కోసమే తిరిగే సొమ్ముని ఆయన పెట్టుబడి అన్నాడు. ఆయన లెక్కలో పెట్టుబడి అంటే వస్తువు కూడా కాదు, మనుషుల మధ్య ఉన్న ఒక సంబంధం. మా నాన్న ఖర్చుకీ దీనికీ తెలుగులో ఒకే మాట ఉండటం వల్ల 'పెట్టుబడి లేకుండా ఏ పని అవుతుంది, మార్క్స్ పెట్టుబడే వద్దన్నాడా' అనే ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. ఆ ప్రశ్న అడిగినవాళ్ళని తక్కువగా చూడకండి. రెండు అర్థాలకి ఒకే మాట పెట్టుకున్నప్పుడు అలాంటి ప్రశ్న రావడం సహజం. మార్క్స్ పుస్తకాన్ని తెలుగువాళ్ళకి పరిచయం చేస్తూ రంగనాయకమ్మ గారు రాసిన గ్రంథం పేరులో కూడా, 'పెట్టుబడి' అని మార్చకుండా, 'కాపిటల్' అనే మాటే అలాగే ఉంది.

ఇప్పుడు 'విలువ'. చర్చకి కీలకం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం. విలువ, వెల ఒకే ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు. పాత తెలుగులో 'విలుచు' అంటే కొను. తమిళంలో 'విల్' అంటే అమ్ము, 'విలై' అంటే ధర. కన్నడంలో ధరని 'బెలె' అంటారు. అంటే మొదట్లో విలువ అన్నా వెల అన్నా బజారు మాటలే. కాలక్రమంలో వెల పుస్తకం వెనక అట్ట మీద అంకె పక్కన ఉండిపోయింది. విలువ మాత్రం మనిషి నడవడి దాకా, మాట దాకా పాకింది. 'వెల తక్కువ గాని విలువైన పుస్తకం' అని ఇప్పుడు మనం తడుముకోకుండా అంటాం.

ఆ వాక్యంలో ఉన్న ఎడమే ఆర్థికశాస్త్రంలో చర్చ. మంచినీళ్ళు లేనిదే బతకలేం, అయినా వాటి వెల తక్కువ. వజ్రం లేకపోతే ఏమీ కాదు, అయినా దాని వెల ఎక్కువ, ఎందుకు అని ఆడం స్మిత్ 1776లో అడిగాడు. సరుకు తయారుకి సమాజానికి సగటున ఎంత శ్రమకాలం పడుతుందో దాన్ని బట్టి విలువ, ఆ విలువ చుట్టూ ధర ఊగుతుంది అన్నాడు మార్క్స్. 1871లో వియన్నాలో కార్ల్ మెంగర్, ఇంగ్లండులో జెవాన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని తలకిందులు చేశారు. విలువ వస్తువులోనూ లేదు, శ్రమలోనూ లేదు, కొనేవాడి మనసులో ఉంది అన్నారు. దాహంతో ఉన్నవాడికి మొదటి గ్లాసు ప్రాణం, అయిదో గ్లాసు అక్కర్లేదు. ధరని తేల్చేది ఆ చివరి గ్లాసు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'ఉపాంత ప్రయోజనం' అని మీరు చదివింది ఇదే. 'చివరి గ్లాసు లెక్క' అని ఒక్కసారి చెప్పి ఆ తర్వాత ఉపాంతం వాడితే మీ పేపర్ వినేవాళ్ళు మీతో వస్తారు.

మన తెలుగులో ధర 'పలుకుతుంది'. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దించి వచ్చి మా నాన్న 'ఇవాళ తగ్గి పలికింది' అనేవాడు. ఎవరు తగ్గించారని నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ వాక్యంలో కర్త ధరే. కొన్నవాడు లేడు, అమ్మినవాడు లేడు. స్వేచ్ఛా మార్కెట్ వాదుల్లో ముఖ్యుడైన హయక్ 1945లో రాసిన వ్యాసంలో మార్కెట్ గొప్పతనం సరిగ్గా ఇదే అన్నాడు. ఎక్కడో తగరం కొరత వస్తే ఆ కారణం ఎవరికీ తెలియనక్కర్లేదు, ధర పెరిగితే చాలు, వాడేవాళ్ళందరూ పొదుపు చేస్తారు. లక్షలమందికి తెలిసిన చిన్నచిన్న సంగతుల్ని ధర ఒక్క అంకెలో చేరవేస్తుంది, ఏ ప్రణాళికా సంఘమూ ఆ పని చేయలేదు అని ఆయన వాదన. మార్క్స్‌కి సరిగ్గా అదే అభ్యంతరం. మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంలా కనిపించడమే ఈ విధానంలోని మాయ అన్నాడు. సరుకులకి మాటలొస్తే ఏమంటాయో కూడా మొదటి అధ్యాయంలో ఊహించి రాశాడు. 'ధర పలికింది' అనే రెండు మాటల్లో ఒకరికి సమాచారం వినిపిస్తే ఇంకొకరికి తాలుకాయలు ఏరిన మనిషి కనపడకుండా పోవడం వినిపించింది. నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. యార్డు నుంచి తిరిగొచ్చిన మనిషి ముఖం చూసినవాణ్ణి కాబట్టి రెండోది ఎక్కువ నిజమనిపిస్తుంది.

అదనపా, మిగులా అన్నారు. మార్క్స్ రాసిన జర్మన్ మాట 'మేర్‌వేర్ట్'. 'మేర్' అంటే మరింత, 'వేర్ట్' అంటే విలువ. 1887లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం దాన్ని సర్‌ప్లస్ చేసింది, ఆ ఇంగ్లీషుని చూసి మనవాళ్ళు కొందరు మిగులు అన్నారు. మిగులు అంటే మనకి ఖర్చులు పోగా ఉండిపోయింది: మిగులు బడ్జెట్, మిగులు విద్యుత్. మార్క్స్ చెప్పేది ఉండిపోయిన దాని గురించి కాదు, ఉత్పత్తిలో కూలికి సరిపడే విలువని మించి శ్రమ కొత్తగా చేర్చిన దాని గురించి. కాబట్టి 'అదనపు' మూలానికి దగ్గర. తెలుగులో మార్క్స్‌ని పరిచయం చేసినవాళ్ళు ఎక్కువగా స్థిరపరిచింది కూడా దాన్నే.

లాభం అనకూడదా అంటే, అనకూడదు. మార్క్స్ ఇచ్చిన ఒక మాంచెస్టర్ నూలుమిల్లు లెక్క చూడండి. వారానికి పత్తి, బొగ్గు, యంత్రాల అరుగుదల వగైరాలకి 378 పౌండ్లు. కూలి 52 పౌండ్లు. తయారైన నూలు 510 పౌండ్లు. తేడా 80. యజమాని ఆ 80ని మొత్తం ఖర్చు 430తో పోల్చి 18.6 శాతం లాభం అంటాడు. మార్క్స్ దాన్ని కూలి 52తో మాత్రమే పోల్చి అదనపు విలువ రేటు 153 శాతానికి పైనే అన్నాడు, ఎందుకంటే పత్తీ బొగ్గూ తమ విలువని నూలులోకి చేరవేస్తాయే గాని కొత్తగా ఏమీ చేర్చవని ఆయన సిద్ధాంతం. పైగా ఆ అదనపు విలువే తర్వాత లాభంగా, వడ్డీగా, భూమి కౌలుగా చీలుతుంది. లాభం అందులో ఒక పాయ మాత్రమే. దీనికి అవతలివైపు నుంచి గట్టి జవాబు ఆస్ట్రియా ఆర్థికవేత్త బోమ్-బావెర్క్‌ది. కూలి ఇవాళే చేతికొస్తుంది, సరుకు అమ్ముడయ్యేది తర్వాత. ఇవాళ్టి సొమ్ముకీ రేపటి సొమ్ముకీ ఉన్న తేడానే యజమానికి దక్కుతోంది అన్నాడు. అరువు బేరానికి ధర ఎక్కువ, నగదు బేరానికి తక్కువ అని మన కొట్లలో అందరికీ తెలుసు కాబట్టి ఈ వాదన తెలుగులో చెప్పడం కష్టమేమీ కాదు.

మీరు అడగలేదు గాని, 'దోపిడీ' అనే మాట దగ్గర జాగ్రత్త. మనకి అది దారికొట్టి దోచుకోవడం. మార్క్స్ వాడిన జర్మన్ మాట గని నుంచి ఖనిజం తీయడానికి కూడా వాడేది. పైగా ఆయన లెక్కలో యజమాని మోసం చేయనక్కర్లేదు. శ్రమశక్తికి పూర్తి విలువ చెల్లించినా అదనపు విలువ వస్తుంది, అదే ఆయన వాదంలో అసలు బలం. శ్రమ వేరు, శ్రమశక్తి వేరు అని చెప్పడానికి 'రెక్కల కష్టం' తీసుకోండి: యజమాని కొనేది రెక్కల్ని, రోజంతా చేయించుకునేది కష్టాన్ని. దోపిడీ అనే మాట మానేయమనడం లేదు, మొదటిసారి వాడిన చోట ఈ అర్థం ఒక వాక్యంలో చెప్పండి.

'పెట్టుబడి దారీ' అని విడగొట్టి రాయకండి. 'దారి' అని పొట్టి చేసి రాస్తే చదివేవాళ్ళకి బాట గుర్తొస్తుంది. కలిపి, చివర దీర్ఘంతో, 'పెట్టుబడిదారీ'.