కొత్త గేజీ వేశాక ఆయిల్ ప్రెషర్ 8 బార్ చూపిస్తోంది, రిలీఫ్ వాల్వు స్ప్రింగు కోయించాలా?

ప్రశ్న క్లుప్తంగా: బండి పాత డీజిల్ అంబాసిడర్, ఉండేది చిత్తూరులో. రాగి పైపు గేజీ లీకవుతోందని తీసేసి, సెండరు (ఇంజన్‌కి బిగించే, ఆయిల్ ప్రెషర్‌ని ఓముల్లోకి మార్చే చిన్న పరికరం), వైరుతో పనిచేసే 10 బార్ గేజీ వేయించారు. ఇంజన్ వేడెక్కాక కూడా స్లోలో (బండి ఆగి, రేసు ఇవ్వకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) 3.5, రోడ్డు మీద 8 చూపిస్తోంది. రిలీఫ్ వాల్వు పట్టేసింది, స్ప్రింగు రెండు చుట్లు కోసేద్దాం అని మెకానిక్ అంటున్నాడు.

జవాబు:

స్ప్రింగు జోలికి అప్పుడే పోకండి. మీరు చెప్పిన రెండు అంకెల్లోనే సగం జవాబు ఉంది.

పంపు అవసరానికి మించి తోసినప్పుడు మిగులు ఆయిల్‌ని తిరిగి సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) వదలడమే రిలీఫ్ వాల్వు పని. స్లోలో పంపు తోసేదే తక్కువ, కాబట్టి ఆ వాల్వు అప్పుడు ఎలాగూ మూసుకునే ఉంటుంది. అది మూసుకున్న చోటే పట్టేసినా స్లోలో ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉండాలి. రేసు ఇచ్చేకొద్దీ మాత్రం ఎక్కడా ఆగకుండా పైకి పోతుంది. మీకు స్లోలోనే 3.5 ఉంది, అంటే 50 పీఎస్ఐ. బేరింగులు అరిగిన పాత ఇంజన్, అందులోనూ వేడి మీద, స్లోలో 50 ఇస్తుందంటే నమ్మబుద్ధి కాదు. ఇప్పుడు రెండు అంకెలనూ సగం చేయండి: 1.75, 4. అంటే దాదాపు 25 పీఎస్ఐ, 58 పీఎస్ఐ. బాగున్న ఇంజన్ లెక్క అచ్చం ఇలాగే ఉంటుంది.

కాబట్టి మొదటి అనుమానం సెండరు మీద. బజారులో దొరికే ఈ తరహా సెండర్లలో 5 బార్‌వి, 10 బార్‌వి రెండూ ఉన్నాయి. రెంటికీ సున్నా దగ్గర 10 ఓములు, చివర దాదాపు 184 ఓములు. గేజీ ఓములను చూస్తుంది తప్ప బార్లను చూడదు. 10 బార్ గేజీకి 5 బార్ సెండరు తగిలిస్తే ప్రతి అంకె రెట్టింపు అవుతుంది. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే ముల్లు బుద్ధిగా సున్నా మీదే ఉంటుంది, అందుకే చాలామంది మోసపోతారు. సెండరు ఒంటి మీద గుడ్డతో తుడిచి చూడండి, రేంజి ముద్రించి ఉంటుంది.

రేంజి సరిపోయిందనుకోండి, తర్వాత చూడాల్సింది ఎర్తు. ఒకే టెర్మినల్ ఉన్న సెండరుకి ఎర్తు దాని మర నుంచి, ఇంజన్ బ్లాకు నుంచే రావాలి. లీకు కాకూడదని మరకి తెల్ల టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి బిగిస్తారు. ఆ టేపు వల్ల అడ్డం పడిన ఓములు సెండరు ఓములకి తోడవుతాయి, ముల్లు ఉన్నదానికన్నా పైన నిలబడుతుంది. ఈ రకం తప్పు కీ ఆన్‌లోనే బయటపడుతుంది, ముల్లు సున్నాకి రాదు. మల్టీమీటర్‌తో సెండరు ఒంటికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలిస్తే 1 ఓము లోపు ఉండాలి. ఎక్కువుంటే టేపు తీసేయండి, ఇంజన్ నుంచి చాసిస్‌కి పోయే ఎర్తు పట్టీ కూడా విప్పి, తుప్పు గీకి బిగించండి. గేజీని, వైరుని పరీక్షించాలంటే కీ ఆన్‌లో సెండరు వైరు ఊడదీయండి. ఈ రకంలో ముల్లు పైకి పోవాలి, వైరుని క్షణం సేపు బాడీకి తాకిస్తే సున్నాకి రావాలి. కొన్ని గేజీలు దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తాయి. అలాంటి గేజీకి ఈ సెండరు ఎప్పటికీ పొసగదు, జతగా మార్చాల్సిందే.

ఇదంతా చూశాక కూడా తేలకపోతే రాగి పైపు రకం మెకానికల్ గేజీతో ఒక్కసారి కొలవండి. సెండరు విప్పి, ఆ మరకి సరిపోయే అడాప్టరుతో 0–10 బార్ గేజీ తగిలించాలి. మర బలవంతంగా తిప్పితే బ్లాకులో దారాలు పోతాయి. ఆయిల్ బాగా కాగి ఉండాలి. టెంపరేచర్ ముల్లు చూపేది నీళ్ల వేడిని. ఆయిల్ కాగడానికి ఇంకా టైము పడుతుంది. చిత్తూరు నుంచి కాణిపాకం పోయి వస్తే 20 కిలోమీటర్లు దాటుతుంది, సరిపోతుంది. స్లోలో ఒక కొలత, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకటి, 3000 దగ్గర ఒకటి రాసుకోండి. 2000 నుంచి 3000కి పోయినప్పుడు ముల్లు పెద్దగా కదలకుండా ఆగితే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటోందని అర్థం. ఇంకా ఎక్కుతూనే ఉంటే అప్పుడు వాల్వు విప్పండి.

విప్పినప్పుడు బోల్టు, స్ప్రింగు, ప్లంజరు (స్ప్రింగు నొక్కి పట్టే, లోపల జారే ముక్క) వరుసగా ఒక గుడ్డ మీద పెట్టండి. స్ప్రింగు కింద వాషర్లు ఉన్నాయేమో లెక్కపెట్టండి. ఎప్పుడో ప్రెషర్ తక్కువైందని పాత మెకానిక్ ఎవరో వాషరు ప్యాకింగు ఇచ్చి పోయి ఉంటాడు, ఇంజన్ కట్టాక అది తీయడం మరిచి ఉంటారు. ప్లంజరుని డీజిల్‌తో కడిగి దాని గదిలో వేలితో వదిలితే సొంత బరువుతో జారాలి. పట్టుకుంటుంటే గీతలు, జిగురు చూడండి. స్ప్రింగు పొడవు వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చండి, తేడా ఉంటే కొత్తది వేయండి. కోసిన స్ప్రింగు పై హద్దుని దించుతుంది, అంతే. పట్టేసిన ప్లంజరు పట్టేసినట్టే ఉంటుంది. తప్పు గేజీదైతే మంచి ప్రెషర్‌ని మీరే చేజేతులా తగ్గించుకున్నట్టు.

మెకానికల్ గేజీలో కూడా స్లో, రేసు రెండూ ఎక్కువే వస్తే, అది భయపడాల్సిన సంగతి. గేజీ కొలిచేది ఆయిల్‌కి తగిలే అడ్డు, పారే ఆయిల్ కాదు. గేజీ మర దాటాక గ్యాలరీలో (బ్లాకు లోపలి ఆయిల్ దారిలో) మడ్డిగానీ, గాస్కెట్‌కి పూసిన సిలికాన్ గమ్ ముక్కగానీ ఇరుక్కుంటే ముల్లు ఘనంగా నిలబడుతుంది, అవతల బేరింగు ఎండిపోతుంటుంది. టాపెట్ కవరు విప్పి స్లోలో చూడండి: రాకర్ షాఫ్టు రంధ్రాల దగ్గర ఆయిల్ ఊరుతూ కనిపించాలి. ముల్లు పైన, రాకర్లు పొడిగా, టపటప చప్పుడు... ఇలా ఉంటే బండి నడపొద్దు.

ఆయిల్ సంగతి. పాత ఇంజన్ కదా అని చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, పైన చిక్కబరిచే డబ్బా కూడా కలిపితే ముల్లు పైకి రావడం ఖాయం. మల్టీగ్రేడ్ అయినా 40 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం 100 డిగ్రీల దగ్గర ఉండేదానికి ఐదారు రెట్ల పైనే. పలమనేరు చలిలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముల్లు ఎగరడం, మొగిలి ఘాట్ మూడో గేరులో దిగేటప్పుడు పైనే ఉండటం రోగాలు కావు. మాన్యువల్ వేరే చెప్పకపోతే డీజిల్ రేటింగు ఉన్న 15డబ్ల్యూ-40 మన ఎండలకి చాలు.

పాత మెర్సిడెస్ డీజిల్ వాళ్లూ ఇదే ప్రశ్న అడుగుతుంటారు. డబ్ల్యూ 123, డబ్ల్యూ 124 మోడళ్ల గేజీ 3 బార్‌తోనే ముగుస్తుంది, రన్నింగ్‌లో ముల్లు అక్కడ అతుక్కుని ఉండటమే సరైన పద్ధతి.

ఇంకొకటి: మెకానికల్ గేజీ, సెండరు రెండూ ఉంచుకుందామని ఇత్తడి టీ-జాయింటు వేసి సెండరుని దాని మీదే వేలాడదీయకండి. డీజిల్ వణుకుకి ఆ బరువు మీద టీ మెడ దగ్గర విరుగుతుంది, ఆయిల్ మొత్తం రోడ్డు మీద పోస్తుంది. రెండూ కావాలంటే బ్లాకు నుంచి హోస్ తెచ్చి, టీని బాడీకి క్లాంపు చేసి, సెండరుకి వేరే ఎర్తు వైరు ఇవ్వండి.