బ్రౌజర్ మార్చితే తీరే ఇబ్బందులు, తీరనివి

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలావరకు బ్రౌజర్ మార్చాలా వద్దా అన్న సందేహం చుట్టూ తిరిగినవే. అందువల్ల మిగిలిన విషయాలను పక్కన పెట్టి, ఈసారి పేజీ మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది కావలిలో జిరాక్స్, నెట్ సెంటర్. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లు రెండు ఉన్నాయి. ఉద్యోగ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ఫీజులు, రైలు టికెట్లు అన్నీ క్రోమ్‌లోనే చేస్తాము. పొద్దున బాగానే ఉంటుంది కానీ, మధ్యాహ్నమయ్యేసరికి మౌస్ కూడా కదలదు. మా మేనల్లుడు ఫైర్‌ఫాక్స్ పెట్టుకోమంటాడు, పక్క కొట్టాయన బ్రేవ్ మంచిదంటాడు. మారితే ఎవరి దరఖాస్తయినా మధ్యలో ఆగిపోతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. కంప్యూటర్ నెమ్మదించడం ఒకటి, ఏ బ్రౌజర్ మంచిదన్నది మరొకటి. మొదటి దానికి మందు చాలావరకు రెండవ దానిలో లేదు.

క్రోమ్ 2008లో వచ్చినప్పటి నుంచీ ట్యాబ్‌లను వేరువేరు ప్రాసెస్‌లుగా, అంటే విడివిడి ప్రోగ్రాముల్లా నడుపుతోంది. ఒక పేజీ చెడిపోయినా మిగిలినవి మూతపడకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడిన తరువాత, ఒక సైట్‌లోని సమాచారాన్ని మరొక సైట్ దొంగిలించకుండా సైట్లన్నింటినీ ఒకదానితో ఒకటి కలవకుండా విడదీశారు; దానివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం వరకు పెరుగుతుందని గూగుల్ స్వయంగా ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ కూడా ఆ తరువాత ఇదే దారి పట్టింది. కాబట్టి 4 జీబీ ర్యామ్ మీద ఇరవై ట్యాబ్‌లు తెరిచి పెడితే, ఏ బ్రౌజర్ అయినా మధ్యాహ్నానికి అలసిపోతుంది. ముందుగా క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి చూడండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ తింటున్నదో పట్టికలా కనిపిస్తుంది. ఎప్పుడో ఎవరో చేర్చిపోయిన ఎక్స్‌టెన్షన్లను తీసివేయండి, సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అన్న చోట, వాడని ట్యాబ్‌ల మెమరీని విడిపించే మెమరీ సేవర్‌ను ఆన్ చేయండి, పని పూర్తయిన ట్యాబ్‌ను అప్పటికప్పుడే మూసే అలవాటు చేసుకోండి. ఇవి చేసిన తరువాత కూడా ఇబ్బంది తీరకపోతే, ర్యామ్‌ను 8 జీబీకి పెంచడం వల్ల కలిగే మేలు బ్రౌజర్ మార్చడం వల్ల రాదని నేను గట్టిగా చెప్పగలను.

ఇక ఏది మంచిదన్న ప్రశ్న. బ్రౌజర్ల పేర్లు పదుల్లో ఉన్నా, పేజీని చదివి తెర మీద చూపే ఇంజన్లలో చెప్పుకోదగినవి మూడే ఉన్నాయి. గూగుల్ నడిపే బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా వారి గెకో, ఆపిల్ వారి వెబ్‌కిట్. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ అన్నీ క్రోమియం అనే ఒకే పునాది మీద, బ్లింక్ ఇంజన్‌తోనే నడుస్తాయి. పిండి ఒకటే, పెనం మీద వేస్తే దోసె, ఆవిరి మీద పెడితే ఇడ్లీ. మైక్రోసాఫ్ట్ కూడా తన సొంత ఇంజన్‌ను వదులుకుని, 2020 జనవరి నుంచి ఎడ్జ్‌ను క్రోమియం మీదికి మార్చింది. దీనివల్ల మీకు తేలేది ఏమిటంటే, క్రోమ్‌లో పూర్తవుతున్న దరఖాస్తు బ్రేవ్‌లోనో ఎడ్జ్‌లోనో ఆగిపోయే అవకాశం చాలా తక్కువ. బ్రేవ్‌లో ఎప్పుడైనా ఆగితే, అది ఇంజన్ వల్ల కాక, ప్రకటనలను అడ్డుకునే దాని కవచం వల్ల అయి ఉంటుంది. అడ్రస్ పట్టీలోని సింహం గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్‌కు కవచాన్ని తీసివేయవచ్చు. ఫైర్‌ఫాక్స్ విషయం వేరు. దాని ఇంజన్ వేరు కనుక, క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలిన సైట్లలో ఒక్కొక్కసారి ఒక బటన్ పనిచేయకపోవడం, ఫొటో అప్‌లోడ్ కాకపోవడం జరుగుతుంది. నేను కొన్నేళ్లుగా ఇంట్లో ఫైర్‌ఫాక్స్‌నే వాడుతున్నాను. ఒక పరీక్ష దరఖాస్తు చివరి పేజీలో అది మొరాయించగా, అప్పటికప్పుడు క్రోమ్ తెరిచి మొదటి నుంచి నింపవలసి వచ్చిన అనుభవం నాకు ఉంది. ఇంట్లో అయితే సర్దుకోవచ్చు. మీ సెంటర్‌లో వెనుక నలుగురు నిలబడి ఉన్నప్పుడు అది కుదరదు.

మీ మేనల్లుడి మాటలోనూ బలం లేకపోలేదు. హాల్‌టికెట్లు, ఫలితాల కోసం వెతికే వారిని మోసగించడానికి పేజీ నిండా దొంగ డౌన్‌లోడ్ బటన్లు పెట్టే సైట్లు మీకు తెలియనివి కావు. వాటిని అడ్డుకోవడంలో పేరున్న యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ ఇప్పుడు క్రోమ్‌లో పనిచేయదు. ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను గూగుల్ మార్చి, పాత పద్ధతిలో రాసిన వాటిని 2024 నుంచి అంచెలంచెలుగా తొలగించింది. మిగిలినది లైట్ అనే తేలిక రూపం, దానికి అంత పట్టు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో అసలుది ఇప్పటికీ నడుస్తుంది. బ్రేవ్‌లో ప్రకటనల అడ్డుకట్ట బ్రౌజర్‌లోనే భాగం కనుక దానికి ఈ చిక్కు లేదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ సెంటర్‌కు ఇదే అన్నింటికన్నా ముఖ్యం. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని క్రోమ్ అడిగినప్పుడు, తొందరలో సేవ్ నొక్కిన వారి పాస్‌వర్డ్‌లన్నీ మీ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. ఆ తరువాత కూర్చునే వారికి అవి అందుబాటులోకి వస్తాయి. మీ దగ్గరకు వచ్చేది పిల్లల భవిష్యత్తుకు సంబంధించిన కాగితాలు పట్టుకుని కనుక, ఈ రోజే సేవ్ అయినవన్నీ తొలగించి, ఆ సదుపాయాన్ని ఆపివేయండి. ఖాతాదారుల పనికి క్రోమ్‌లోని గెస్ట్ కిటికీ వాడండి; దానిని మూసిన వెంటనే హిస్టరీ, కుకీలు చెరిగిపోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఆధార్, మార్కుల జాబితాల వంటి ఫైళ్లు మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటాయి కనుక, సాయంత్రం కొట్టు కట్టేముందు వాటిని మీరే తీసివేయాలి.

నా సలహా: దరఖాస్తుల పనికి క్రోమ్ అలాగే ఉంచండి. ఒక కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్‌ను కూడా చేర్చి, వెతుకులాటకు, మీ సొంత పనులకు రెండు వారాలు వాడి చూడండి. ఏ సైట్ ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసుకుంటూ వస్తే, మార్పు సంగతి ఆ కాగితమే తేలుస్తుంది.

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ సంస్థలో లెక్కలు చూస్తాను. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఎలక్ట్రానిక్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) పెట్టి ఒక పాత సైట్‌లో పత్రాలు దాఖలు చేయాలి. ఆ సైటేమో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలంటుంది. ఎక్స్‌ప్లోరర్ నొక్కితే ఎడ్జ్ తెరుచుకుంటోంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ప్రయత్నించాను, లాభం లేదు.
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమింపజేసింది. అయితే ఇటువంటి పాత సైట్ల కోసమే ఎడ్జ్‌లో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ అనే సదుపాయాన్ని ఉంచి, దానిని కనీసం 2029 వరకు కొనసాగిస్తామని చెప్పింది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ బ్రౌజర్ అన్న చోటికి వెళ్లి, సైట్లను ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో తిరిగి తెరవడానికి అనుమతించి, ఎడ్జ్‌ను ఒకసారి మూసి తెరవండి. తరువాత ఆ సైట్‌కు వెళ్లి, మెనూలో నుంచి ఐఈ మోడ్‌లో రీలోడ్ చేయండి. ఆ సైట్‌ను జాబితాలో చేర్చుకుంటే 30 రోజులు గుర్తుంచుకుంటుంది, ఆ తరువాత మళ్లీ చేర్చాలి. నెలకొకసారి దాఖలు చేసేవారు, నిన్నటిదాకా పనిచేసినది ఈ రోజు ఎందుకు ఆగిందా అని కంగారు పడేది ఈ గడువు వల్లనే.

క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో మీ ప్రయత్నం ఫలించకపోవడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో టోకెన్‌లోని సంతకాన్ని చదవడానికి సైట్లు పేజీలోపల నడిచే చిన్న ప్రోగ్రాములైన యాక్టివ్ఎక్స్ మీదనో, జావా ఆప్లెట్ల మీదనో ఆధారపడేవి. మొదటిది ఎక్స్‌ప్లోరర్ సొంత సొత్తు. రెండవ దానిని నడిపే ప్లగిన్ పద్ధతిని భద్రత కోసం క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో తొలగించాయి. ఇప్పుడు కొత్తగా తయారవుతున్న సైట్లు కంప్యూటర్‌లో చేర్చుకునే ఒక చిన్న ప్రోగ్రామ్ ద్వారా సంతకం తీసుకుంటాయి కనుక, ఏ బ్రౌజర్‌లోనైనా పనిచేయగలవు.

మీ ఇబ్బంది వెనుక ఒక పాత కథ ఉంది. 2001లో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. అప్పటికి దానికి పోటీ అన్నది దాదాపు లేకపోవడంతో, తరువాతి కూర్పు 2006 దాకా రాలేదు. ఆ అయిదేళ్లలో కార్యాలయాలు, బ్యాంకులు తమ సైట్లను ఆ ఒక్క బ్రౌజర్‌కే కొలతలు తీసి కుట్టించుకున్నాయి. ఆ బ్రౌజర్ పోయినా ఆ కుట్లు ఇంకా విప్పలేదు, ఆ భారం చీమకుర్తిలో కూర్చుని లెక్కలు రాసుకునే మీ మీద పడింది. ఈ రోజు మళ్లీ ఒకే ఇంజన్ మీదికి సైట్లన్నీ చేరుతున్నాయని నాకు దిగులుగా ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని లోటుపాట్లు ఉన్నా నేను దానిని వదలకపోవడానికి అదే కారణం. అయితే ఒక మాట దాచకూడదు. ఆ మొజిల్లాకు వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం, గూగుల్‌ను డీఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు గూగుల్ ఇచ్చే సొమ్మే.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. విండోస్ 7 కంప్యూటర్‌లో క్రోమ్ ఇక అప్‌డేట్ రాదంటోంది. నేను 2003 ప్రాంతంలో దాచుకున్న కొన్ని తెలుగు వెబ్ పేజీలు అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తున్నాయి. బ్రౌజర్ మార్చితే రెండూ సరవుతాయా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మొదటిది కొంతవరకు సరవుతుంది, రెండవది కాదండి. విండోస్ 7 మీద నడిచే చివరి క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ కూర్పు. ఫైర్‌ఫాక్స్‌లో 115వ కూర్పు దీర్ఘకాలిక శాఖకు మాత్రం ఆ తరువాత కూడా గడువు పొడిగిస్తూ భద్రతా సవరణలు ఇస్తూ వచ్చారు. ఆ సవరణలు ఇంకా వస్తుంటే, పత్రికలు చదువుకోవడానికి దానిని చేర్చుకోండి. కానీ విండోస్ 7కే 2020 జనవరితో మద్దతు ముగిసింది. పునాది బీటలు వారిన ఇంటికి కొత్త తలుపు పెట్టినట్లే అవుతుంది కనుక, పింఛను ఖాతా, బ్యాంకు పనులు దాని మీద చేయవద్దు. ఆ కంప్యూటర్‌ను పారవేయడం ఇష్టం లేకపోతే, తెలిసిన వారి చేత విండోస్ స్థానంలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం వేయించుకోవచ్చు. అది ఉచితం, ఫైర్‌ఫాక్స్ దానితోపాటే వస్తుంది.

మీరు దాచుకున్న పేజీల విషయం వేరు. ఆ రోజుల్లో చాలా తెలుగు సైట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన సొంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంట్ లేనిచోట లోపలి ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి. ఏ బ్రౌజర్ అయినా అదే చూపుతుంది. ఆ ఫాంట్ ఫైల్ దొరికితే చేర్చుకోవాలి, లేదా ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్‌లోకి మార్చే సాధనంతో మార్చుకోవాలి. ఇరవై ఏళ్లు దాచుకున్నారంటే అవి విలువైనవే అయి ఉంటాయి, ఆ శ్రమకు తగినవే.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌కాగ్నిటో (హిస్టరీ మిగల్చని కిటికీ) వాడితే నేను ఏం చూశానో ఎవరికీ తెలియదంటారు. నిజమేనా?
— ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: నీ తరువాత ఆ కంప్యూటర్ ముందు కూర్చునే వారికి తెలియదు. అంతవరకే నిజం. కాలేజీ నెట్‌వర్క్ నడిపేవారికి, నెట్ ఇచ్చే సంస్థకు నీవు ఏ సైట్‌కు వెళ్లావో తెలిసే వీలుంది. నీవు లాగిన్ అయిన సైట్‌కు అయితే అంతా తెలుసు. ఇది అన్ని బ్రౌజర్లకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర రొయ్యల సాగు. ధరల కోసం ఫోన్‌లో పేజీ తెరిస్తే, ధర కన్నా ముందు నాలుగు ప్రకటనలు వస్తున్నాయి. గట్టు మీద సిగ్నలే అంతంతమాత్రం. నాది ఆండ్రాయిడ్, మా వాడిది ఐఫోన్. ఏ బ్రౌజర్ పెట్టుకోవాలి?
— ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ ఫోన్‌లో మార్పు నిజంగా ఉపయోగపడుతుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకు చోటు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో పైన చెప్పిన యూబ్లాక్ ఆరిజిన్‌ను ఫోన్‌లో కూడా చేర్చుకోవచ్చు. అంత పని కూడా వద్దనుకుంటే బ్రేవ్ చాలు. ప్రకటనలు అసలు దిగుమతి కావు కనుక, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా కూడా మిగులుతుంది. ఐఫోన్‌లో పరిస్థితి వేరు. మన దేశంలో అక్కడ ఏ పేరుతో ఉన్న బ్రౌజర్ అయినా లోపల సఫారీ వాడే వెబ్‌కిట్‌తోనే నడుస్తుంది. మీ అబ్బాయి సఫారీలోనే ఉండి, ప్రకటనలను అడ్డుకునే యాప్ ఒకటి చేర్చుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మారాలని నిర్ణయించుకున్నాను. కానీ అరవై దాకా పాస్‌వర్డ్‌లు క్రోమ్‌లోనే ఉన్నాయి. అవి పోతాయని ఆగిపోతున్నాను.
— ఒక గృహిణి, కోవూరు

జవాబు: పోవు. క్రోమ్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే, అన్నీ ఒక సీఎస్‌వీ ఫైల్‌గా బయటికి వస్తాయి. కొత్త బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌ల పేజీలో ఆ ఫైల్‌ను ఇంపోర్ట్ చేయండి. ఫైర్‌ఫాక్స్ అయితే, మిగిలిన అన్నింటికీ తాళంలా పనిచేసే ప్రైమరీ పాస్‌వర్డ్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి. అది లేకపోతే కంప్యూటర్ ముందు కూర్చున్నవారు వాటిని చూసే ప్రమాదం ఉంటుంది. ఆ సీఎస్‌వీ ఫైల్‌కు ఏ తాళమూ ఉండదు, అరవై పాస్‌వర్డ్‌లూ అందులో విప్పి రాసినట్లే ఉంటాయి. కాబట్టి దానిని మెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో పంపుకోవద్దు. ఇంట్లో మీ సొంత కంప్యూటర్‌లో కూర్చుని, మధ్యలో లేవకుండా ఈ పని ముగించండి. కొత్త బ్రౌజర్‌లో నుంచి మూడు నాలుగు ఖాతాలలోకి వెళ్లి చూసుకున్న తరువాత ఆ ఫైల్‌ను తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయండి. క్రోమ్‌లో ఉన్నవాటిని మాత్రం ఒక నెల అలాగే ఉంచండి. అరుదుగా తెరిచే కరెంటు బిల్లు ఖాతానో, గ్యాస్ ఖాతానో ఆ లోపు గుర్తుకు వస్తుంది.